స్థితీకరణము: ఆసుపత్రి నుండి మరలి వచ్చినవాని యెడ శ్రావకుని విధి



శ్రావక శ్రావికలారా! సమ్యగ్దర్శనమునకు అంగములు ఎనిమిది యని పాఠశాలలో చదువుకొను పిల్లవాడు కూడ వ్రేళ్లు మడిచి చెప్పగలడు. నిశ్శంకితము మొదలు ప్రభావన వరకు పేర్లు వరుసగా వచ్చును. దిగంబర, శ్వేతాంబర సంప్రదాయములు రెండింటను ఈ ఎనిమిదియు కలవు. ఒకటి రెండు పేర్లలో మాత్రమే భేదము. వానిలో ప్రభావన యన నేమో వ్యాపార కుటుంబములకు బాగుగా తెలియును. రథయాత్రలు, ప్రతిష్ఠలు, పందిళ్లు, మేళతాళములు, అచ్చుపత్రికలు. ఆరవదియైన స్థితీకరణము మాత్రము పేరుగానే మిగిలిపోయినది. తూలుచున్నవానిని పట్టుకొని మరల నిలువబెట్టుట దాని యర్థము. దానికి పందిలి అక్కరలేదు, చందా అక్కరలేదు. అందుచేతనే కాబోలు ఎవరును దానిని పట్టించుకొనరు.

బ్రతుకు మీద విసుగుతో తన ప్రాణమును తానే తీసికొనబోయి, ఆయుష్షు మిగిలియుండి బ్రతికి, ఆసుపత్రి నుండి ఇంటికి తిరిగి వచ్చిన మనిషికి ఈ ఆరవ అంగము ఎంత అవసరమో ఇచ్చట చెప్పవలసియున్నది. అట్టివాడు పోయినచో ఊరంతయు వచ్చును. బ్రతికి వచ్చినచో గుమ్మము తొక్కువారుండరు.

సింగానల్లూరులోనే ఒక ఇంటిని ఊహించుకొనుడు. తిరుచ్చి రోడ్డు ప్రక్కన నూలు దుకాణము, పైన కాపురము. ఇరువదినాలుగేండ్ల కుమారుడు తండ్రికి తెలియకుండ చేబదుళ్లు తెచ్చినాడు. సరకు ధర పడిపోయినది. ఆంధ్రదేశమున ఐ.పి. పెట్టుట యనియు, ఇచ్చట మంజ కడుదాసి యనియు జనులు చెప్పుకొను దాని దాక సంగతి వచ్చినది. ఒక రాత్రి ఆ కుర్రవాడు చేయరాని పని చేసినాడు. వైద్యులు బ్రతికించిరి. ఐదు దినములకు ఆటోలో ఇంటికి వచ్చినాడు. ఇరుగుపొరుగులకు 'మందు మారిపోయినది' అని చెప్పిరి. మరునాడు దుకాణము తెరిచిరి. తల్లి రాత్రులు కుమారుని గది గడపకు అడ్డముగ పండుకొనుచున్నది. నాలుగవ దినమున తండ్రి భోజనముకడ కూర్చుండి, 'అయినదేదో అయినది నాయనా, ఇక ఆ మాట ఈ ఇంట వినబడరాదు' అనెను.

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. కొడుకు సిగ్గుపడరాదనియే అట్లనెను. కాని ఆ ఒక్క మాటతో కుమారుని నోటికి తాళము పడినది. అతని లోపలి బాధ ఆసుపత్రిలో దిగిపోలేదు. అప్పు అట్లే యున్నది, అవమానము రెట్టింపైనది. ఒకమారు ప్రయత్నించినవానికే మరల ఆ ప్రమాదము ఎక్కువ యనియు, ఇంటికి వచ్చిన తొలి వారములు, తొలి నెలలు మిక్కిలి గండమైన కాలమనియు వైద్యులు ఎల్లదేశములలోను కనుగొనియున్నారు. గండము గడచినదని కుటుంబము ఊపిరి పీల్చుకొను దినములే గండపు దినములు. 2022వ సంవత్సరమున భారతదేశమున 1,70,924 మంది ఆత్మహత్య వలన మరణించినట్లు ప్రభుత్వపు లెక్క. అందులో తమిళనాడువారు 19,834 మంది. మహారాష్ట్రము తరువాత రెండవ స్థానము. ప్రయత్నించి బ్రతికినవారు ఇంతకు ఎన్నో రెట్లుందురు. వారందరును ఏదో ఒక ఇంటికి తిరిగి వచ్చినవారే.

ఇచ్చట ఒక సందేహమును తీర్చుకొని ముందుకు పోవుట మంచిది. 'సల్లేఖన కలిగిన మతము గదా, ప్రాణత్యాగమును తప్పని ఎట్లందురు?' అని అన్యులే కాదు, దుఃఖములో నున్న జైన యువకులు కూడ అడుగుదురు. కొంగునాటి విజయమంగళమున చంద్రప్రభ బసది గలదు. చాముండరాయని చెల్లెలు పుళియప్పై సల్లేఖన వ్రతముతో దేహము విడిచిన దానికి గురుతుగ అచ్చట నిషిధి యున్నది. అది పూజ్యస్థానమే. కాని ఆ వ్రతమునకు శాస్త్రము పెట్టిన హద్దులు చూడుడు. తప్పించుకొనరాని ఉపద్రవము, కరవు, ముదిమి, చికిత్స లేని రోగము, ఈ సందర్భములందే దానిని రత్నకరండ శ్రావకాచారము చెప్పినది. పూజ్యపాదస్వామి సర్వార్థసిద్ధిలో ఈ సందేహమునే ఎత్తుకొని, రాగద్వేషమోహములకు లోబడి తన్ను తాను చంపుకొనుట ఆత్మఘాతమనియు, అవి అణగినవాని వ్రతము వేరనియు తేల్చిచెప్పెను. ఇంకొక సూక్ష్మము గలదు. తత్త్వార్థసూత్రమున సల్లేఖనకు ఐదు అతిచారములు చెప్పబడినవి. చావు రావలెనని కోరుట అందులో ఒకటి. వ్రతములో నున్న వృద్ధునికే చావును కోరుట దోషమైనప్పుడు, అప్పులవారి భయముచేతనో, పరీక్ష తప్పియో, అత్తవారింట మాట పడియో చావును కోరుటకు ఆ వ్రతము పేరు అతికించుట ఎట్లు చెల్లును?

2015 ఆగస్టు 10వ తేదీన రాజస్థాన్ హైకోర్టు సల్లేఖనను ఆత్మహత్యగా లెక్కించి తీర్పు చెప్పినది. అదే నెల 31వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసినది. ఆ మధ్య దినములలో ఊరూర జైనులు దుకాణములు మూసి వీథులకు వచ్చి, సల్లేఖన వేరు, ఆత్మహత్య వేరు అని చెప్పిరి. చెప్పినది సత్యమే. మొదటిదానిని కాపాడుటకు దుకాణము మూసినవారు, రెండవదానిని ఆపుటకు ఒక పూట తీరిక చేసికొనుట న్యాయము గదా!

రత్నకరండము రచించిన సమంతభద్రస్వామి కథ పెద్దలు చెప్పగా అందరును విన్నదే. ఈ దృష్టితో మాత్రము విన్నవారు తక్కువ. ఆయనకు భస్మకరోగము కలిగెను. ఎంత తిన్నను ఆకలి తీరదు; తిన్నది తిన్నట్లే బూడిదయగును. దిగంబర మునికి దినమునకు ఒక్కమారు, నిలువబడి, దోసిట పట్టినంత ఆహారము. ఆ ఆహారముతో ఆ జబ్బు తగ్గునా? బాధ ఓర్వలేక, వ్రతమును విడువ మనసు రాక, ఆయన గురువు పాదములకడ చేరి సల్లేఖనకు అనుమతి వేడెను. అడిగినవాడు సామాన్యుడు కాడు. శాస్త్రము తెలిసినవాడు, రాగద్వేషములను అణచుకొన్నవాడు, నిజముగ రోగపీడితుడు. అట్టివానికే గురువు అనుమతి నీయలేదు. నీ వలన ధర్మమునకు కావలసినది ఇంకను ఉన్నది, ఈ రోగము మానునది, మునిచిహ్నములను విడిచి ముందు రోగము మాన్పుకొనుము, మానిన పిమ్మట మరల దీక్ష పుచ్చుకొనుము అని పంపెను.

సమంతభద్రుడు వేషము మార్చుకొని శివకోటి మహారాజు శివాలయమునకు చేరెను. అది కాంచీపురమని కొందరు, వారణాసి యని కొందరు చెప్పుదురు. దేవునికి పెట్టు రాశుల కొలది నైవేద్యమును తలుపులు మూసికొని తానే భుజించెను. కొంత కాలమునకు రోగము తగ్గినది, నైవేద్యము మిగులసాగినది, గుట్టు బయటపడినది. రాజు నమస్కరింపుమని నిర్బంధింపగా ఆయన తీర్థంకరులను స్తుతించెననియు, చంద్రప్రభుని బింబము ప్రత్యక్షమాయెననియు, ఆ స్తుతియే స్వయంభూ స్తోత్రమనియు పెద్దల మాట. ఆ పిమ్మట ఆయన మరల దీక్ష గైకొనెను.

కథలోని అద్భుతమును అందరును చెప్పుకొందురు. గురువు చేసిన పని అంతకంటె గొప్పది. శిష్యుడు చావు మాట ఎత్తినప్పుడు ఆయన తిట్టలేదు, విననట్లు నటింపలేదు. వ్రతము కంటె ముందు చికిత్స యనెను. అన్నిటికంటె పెద్దది మూడవది. వెళ్లినవానికి తిరిగి వచ్చు తలుపు తెరిచియుంచెను. మునివేషము విడిచి, మారువేషముతో పరుల గుడిలో తిన్నవాడని సంఘము ఆయనను జీవితాంతము వ్రేలెత్తి చూపలేదు. స్వామి యనియే పిలుచుచున్నది. అట్లు నిలువబెట్టినవాడు తరువాత స్థితీకరణమును గూర్చి శ్లోకము వ్రాసినాడు.

ఇంట ఈ మూడవ పనియే కష్టము. ఆసుపత్రి నుండి వచ్చిన కుమారుని చేతికి గల్లాపెట్టె తాళము మరల ఎప్పుడు ఇయ్యవలెను? ఒక్కనాడే సర్వము అప్పగించుట తగదు. కాని ఎన్నటికిని ఇయ్యకుండుట, అతడు లేచి నిలుచున్న ప్రతిసారి నాలుగు కన్నులు వెంట పోవుట, గుమాస్తా ఎదుట అతనిని లెక్క అడుగుట, ఇవి నిలువబెట్టుట కావు. పూటకు రెండు గంటల పని, పిమ్మట ఒక పూట పని, పిమ్మట ఒక ఖాతా. అప్పు సంగతి పెద్దలు ఎదుట కూర్చుండబెట్టుకొని కాగితము మీద వ్రాయవలెను. ఎవరికెంత, ఏ గడువులో అని వ్రాసి చూచినప్పుడు, తలలో కొండయై యున్నది కాగితము మీద ఇరువది వరుసలగును. అప్పిచ్చినవారిలో సాధర్మికులే యున్నచో, గడువు పెంచుట వారు చేయగల దయ. వేలమందికి స్వామివాత్సల్యపు విందు చేసి, ఆ వారమే ఆ ఇంటి మీదికి మనిషిని పంపుట ఏ వాత్సల్యమో తెలియదు.

'పరువు పోవును గదా, ఆడపిల్ల సంబంధము చెడును గదా' యని దాచిపెట్టుటకు ఐదవ అంగమైన ఉపగూహనమును అడ్డము పెట్టుకొనువారు కలరు. జినేంద్రభక్త సెట్టి కథ వారికి ప్రియము. బ్రహ్మచారి వేషమున ఇంట చేరిన దొంగ, పార్శ్వనాథస్వామి ఛత్రమునకు పొదిగిన వైడూర్యమును ఎత్తుకొని పోవుచు పట్టుబడగా, 'నేను తెమ్మంటినే తెచ్చినాడు' అని సెట్టి నలుగురిలో కప్పిపుచ్చినాడు. నిజమే. కాని ఆయన కప్పిపుచ్చినది బజారు నోటి నుండి. ఇంటి లోపలి గాయమును వైద్యుని కంటి నుండి దాచుట ఉపగూహనము కాదు. వియ్యాలవారికి చెప్పనక్కరలేదు, మానసిక వైద్యునికి చెప్పవలెను. రెండింటిని కలిపివేసికొనుట వలననే, కట్టు కట్టించి తెచ్చిన కుటుంబము మానసిక వైద్యుని గది మెట్లెక్కదు.

ఈ విషయమున తొమ్మిది పలకరింపుల లెక్క యొకటి గలదు. వ్యాపారి మెచ్చుకొనదగిన లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఐదు దేశములలో ఐదు చోట్ల, ప్రాణము తీసికొనబోయి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని పరిశీలించిరి. ఆ ఐదింటిలో చెన్నపట్నము ఒకటి. మిగిలినవి శ్రీలంకలోని కొలంబో, ఇరానులోని కరజ్, చైనాలోని యూన్‌చెంగ్, బ్రెజిలులోని కంపినాస్. కొందరికి మామూలు వైద్యము చేసి పంపిరి. మిగిలినవారికి ఇంటికి పోవునప్పుడు ఒక గంట కూర్చుండి మాటలాడి, పిమ్మట తొమ్మిదిమార్లు పలకరించిరి. ఎప్పుడెప్పుడనగా 1వ, 2వ, 4వ, 7వ, 11వ వారములందును, 4వ, 6వ, 12వ, 18వ నెలలందును. ఇంటికి పోయియో, టెలిఫోను చేసియో, 'ఎట్లున్నావు, ఏమైనను కావలెనా' అని అడిగిరి. అంతే. 2008లో ఫలితములు ప్రకటించిరి. మామూలుగ పంపినవారిలో 18 నెలలలో నూటికి 2.2 వంతున ఆత్మహత్య వలన పోయిరి. పలకరింపబడినవారిలో నూటికి 0.2 వంతు. వేయిమందికి ఇరువదిరెండుకు బదులు ఇద్దరు. చెన్నపట్నమున ఈ పనిని నడిపినది డాక్టరు లక్ష్మీ విజయకుమార్ గారు. 1986లో అచ్చట 'స్నేహ' సంస్థను స్థాపించినవారు ఆమెయే. ఇంతకు చాల ముందే అమెరికాలో డాక్టరు జెరోమ్ మోట్టో అనువారు, ఆసుపత్రి నుండి వెడలి చికిత్సకు మరల రానివారికి ఐదేండ్లపాటు చిన్న చిన్న ఉత్తరములు పంపించి చూచిరి. 'మీరు క్షేమమని తలచుచున్నాము' అనునంతటివి. తొలి రెండేండ్లలో ఉత్తరములు అందినవారిలో మరణములు తక్కువగ నుండెను.

బాకీ గడువు తేదీని ఏ వ్యాపారియు మరువడు. ఈ తొమ్మిది తేదీలు చిట్టాలో వ్రాసికొనుట ఎంత పని? వారిషేణ ముని తన మిత్రుడు పుష్పడాలుని మనసు నిలుపుటకు పండ్రెండేండ్లు వెంట నుండెనని స్థితీకరణమునకు దృష్టాంతము. ఇచ్చట అడుగుచున్నది పదునెనిమిది నెలలు.

పోయినవారు ఏమి మాటలాడవలెనను బెరుకు అందరికిని ఉండును. సంఘపు అధ్యక్షుడు పదిమందితో పోయి హితబోధ చేయుట కంటె, ఆ కుర్రవాని ఈడువాడొకడు ఒంటరిగ పోయి కాఫీ త్రాగి వచ్చుట మేలు. ఈ సంగతి ఎత్తినచో మరల ఆ తలంపు పుట్టునను భయము నిరాధారము. 'తమ్ముడూ, మరల అట్టి ఆలోచన వచ్చుచున్నదా?' అని మెల్లగ సూటిగ అడుగుట వలన కీడు లేదని, అడిగినచో బరువు దిగునని వైద్యుల అనుభవము. అవునని చెప్పినచో ఉలిక్కిపడక వినవలెను, ఒంటరిగ వదలరాదు, ఆ దినమే వైద్యుని కడకు తోడుపోవలెను. బసదిలో దేవుని ఎదుట ఒట్టు పెట్టించుకొని వచ్చి నిశ్చింతగ నుండు పెద్దలు కలరు. ఒట్టు మాత్రమే ప్రాణము కాపాడదు. పైగా మనసు మరల కల్లోలమైనప్పుడు ఒట్టు తప్పితినను సిగ్గుతో నోరు విప్పడు. దానికి బదులు ఒక కాగితము మీద, ఏ సూచనలు కనబడినచో జాగ్రత్తపడవలెను, ఏమి చేసిన మనసు కుదుటపడును, ఎవరికి ఫోను చేయవలెను అని అతనిచేతనే వ్రాయించి జేబులో నుంచుట ఉపకారము. ఇంటనున్న మాత్రలు, పురుగుమందులు, ఎలుకమందులు తాళములో నుండవలెను. ఆ ఆపద తరచు కొద్ది ఘడియలది. ఆ ఘడియలో చేతికి ఏదియు అందకున్నచో దాటిపోవును. వాడవలసిన మందు కూడ వారమునకు సరిపడునంతే తెచ్చుకొనుట మంచిది.

జైన గృహములకు ప్రత్యేకమైన చిక్కు ఉపవాసము. పర్యుషణము, దశలక్షణము వచ్చినప్పుడు, 'పాపము కడుగుకొందును' అని ఆ కుర్రవాడు అష్టాహ్నిక ఉపవాసమునకు పూనుకొనవచ్చును. ఇంటివారు సంతోషింతురు. తొందరపడరాదు. మనోరోగములకు ఇచ్చు కొన్ని మందులు, ముఖ్యముగ లిథియము, ఒంటిలో నీరు తగ్గినచో విషమగును. రాత్రి వేయవలసిన మాత్రను చౌవిహారము పేరున మానివేయువారు కలరు. మందు ఒక్కమారుగ ఆగిపోయినచో జబ్బు తిరుగబెట్టును. ప్రత్యాఖ్యానమునందు ఆగారములు, అనగా మినహాయింపులు, పెద్దలు ఊరక పెట్టలేదు; రోగి మనస్సమాధి చెదరకుండుటకు ఔషధము పుచ్చుకొనవచ్చునను సర్వసమాధి ప్రత్యయ ఆగారము అట్టిది. గురుమహారాజుకు జబ్బు సంగతి దాచక చెప్పి, వైద్యుని అడిగి, వేళలు సరిచేసికొనవలెను. ఉపవాసము చేయలేనివాడు స్వాధ్యాయము చేయవచ్చును, అదియు తపస్సే. 'అంతయు వాని కర్మోదయము, నడుమ మనమెవరము' అనువారికి ఒక్క మాట. జ్వరము వచ్చినను కర్మోదయమే; అప్పుడు వైద్యుని పిలుచుట లేదా?

పోలీసు భయము కూడ పాతది. ప్రాణము తీసికొనబోవుట ఒకప్పుడు శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద నేరమే. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలునకు వచ్చినది. దాని 115వ సెక్షను ప్రకారము అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెనే కాని శిక్షింపరాదు; అతనికి చికిత్స, సంరక్షణ కల్పించుట ప్రభుత్వము విధి. 2024 జూలై 1న క్రొత్త న్యాయసంహిత వచ్చినప్పుడు ఆ 309వ సెక్షను పోయినది. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని ఆపించుటకు చేయు ప్రయత్నము మాత్రమే నేరముగ మిగిలినది. ఆసుపత్రివారు పోలీసులకు తెలియజేయుట వ్రాతకోతల పద్ధతి. దానికి జడిసి ప్రాణాపాయములో నున్నవానిని ఇంటనే ఉంచుకొనుట కూడదు. ఆరోగ్యబీమాలో కూడ మానసిక వ్యాధులకు ఇతర వ్యాధులతో సమానముగ ఇయ్యవలెనని ఆ చట్టమే చెప్పినది. పాలసీ కాగితములు చూచుకొనుడు.

సింగానల్లూరులో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి గలదు, కోవైలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి గలదు. కేంద్రప్రభుత్వపు టెలిమానస్ నంబరు 14416. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. పగలు రాత్రి పలుకును. తెలుగు, తమిళము, హిందీ, గుజరాతీ మొదలగు భాషలలో ఖర్చు లేకుండ మాటలాడవచ్చును. చెన్నపట్నపు స్నేహ నంబరు 044-24640050. ఈ రెండు నంబర్లు దుకాణమున టెలిఫోను ప్రక్కన గోడ మీద వ్రాసియుంచినచో, ఎవరికి కావలెనో వారు అడుగకుండనే చూచుకొందురు.

గడపకు అడ్డముగ పండుకొను తల్లి సంగతి మరువరాదు. ఆమెకు వారములుగ నిద్ర లేదు. తప్పు తనదేనని ఆమె నమ్ముచున్నది. ఎవరును అడుగకున్నచో ఆమెయు జబ్బుపడును. పొరుగు శ్రావికలలో ఒకరు సాయంకాలము పోయి, 'వదినా, ఈ రాత్రి ఇక్కడ నేను పండుకొందును, నీవు లోపల పడుకొనుము' అని చాప పరచుకొనవచ్చును.